రిమార్కుల గడి

ఈ మధ్య టీవీలో ఒక చర్చ చూశాను. ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మిపెట్టే ఒక పెద్ద కంపెనీ తరఫున సూటు వేసుకున్న మనిషి కూర్చుని, "అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ మధ్య మేము వేదిక మాత్రమే, ధరతో మాకు సంబంధం లేదు" అంటున్నాడు. మీ వేదిక మీద బతికే చిన్న వ్యాపారుల వివరాలన్నీ చూసి, బాగా పోతున్న సరుకేదో తెలుసుకుని, అదే సరుకు మీరూ అమ్ముతున్నారట కదా అని ఎదుటాయన మెత్తగా అడిగాడు. సూటాయన నవ్వాడు. నేను రిమోట్ విసిరేశాను. అది గోడకు తగిలి బ్యాటరీలు ఊడి మంచం కిందికి పోయాయి. మా ఆయన వంగి వాటిని వెతికాడు. ఆ నవ్వు మీద నాకు పాత పగ ఉందని ఆయనకు తెలుసు.

నేను కూడా ఒకప్పుడు వేదికనే. పర్చూరు దగ్గర మా ఊళ్లో, మా ఇంటి వసారాలో, మూడేళ్లపాటు.

మా నాన్న ఊరి బ్రాంచి పోస్టుమాస్టరు. పోస్టాఫీసంటే వేరే భవనమేమీ లేదు, మా వసారాలో ఒక కొస. ఒక బల్ల, ఒక తూకం, ముద్రలు, గోడకి ఎర్ర డబ్బా. సాయంత్రమైతే చదువు రానివాళ్లు ఉత్తరాలు రాయించుకోవడానికి వచ్చేవాళ్లు. ఉత్తరం రాయించుకునే మనిషి ముందుగా కడుపులో ఉన్నదంతా చెబుతాడు, అందులోంచి ఏది రాయాలో నాన్న అడిగి తెలుసుకుని రాసేవాడు. గట్టు తగాదాలో ఉన్న ఇద్దరు ఒకే సాయంత్రం వచ్చి, ఒకరి మీద ఒకరు తమ బావమరుదులకు ఉత్తరాలు రాయించుకున్న రోజు నాకు గుర్తుంది. నాన్న రెండూ ఒకే ముఖంతో రాశాడు. వాళ్లు వెళ్లాక అమ్మ ఎంత బతిమాలినా ఒక్క ముక్క చెప్పలేదు. "ఈయన కడుపు కాదు, ఇనప్పెట్టె" అని అమ్మ విసుక్కుంటూ వంటింట్లోకి పోయింది.

తొంభైల చివర్లో ఊళ్లోకి ఫోన్లు వచ్చి ఉత్తరాలు తగ్గిపోయాయి. అరుగు మీద కూర్చుని చెప్పుకోవడం మాత్రం తగ్గలేదు. కార్డు కొనే పని లేకపోయినా వచ్చి, కూర్చుని, కాసేపు చెప్పుకుని, బరువు దిగినట్టు లేచిపోయేవాళ్లు. అది మా ఊరి అలవాటు. పోస్టుమాస్టరు గారి అరుగు మీద అన్నమాట పోస్టుమాస్టరు గారి గడప దాటదు.

నేను గుంటూరులో డిగ్రీ చదివి, దానితోపాటు కంప్యూటర్ కోర్సు చేసి ఇంటికి వచ్చిన రెండేళ్లకు ఆ కంపెనీ వచ్చింది. పేరు రాయను. రాస్తే రేపు నాకు నోటీసు వస్తుంది, వాళ్లకి ఏమీ కాదు. మిరపకాయ కొని పొడి కొట్టి దేశమంతా అమ్మే కంపెనీ అది. ఊరూరా ఒక కంప్యూటర్ పెట్టి, రోజూ అన్ని మార్కెట్ల ధరలూ రైతుకి ఉచితంగా చూపిస్తామన్నారు. రైతుకి ఇష్టమైతే మాకు అమ్మొచ్చు, లేకపోతే ఎక్కడైనా అమ్ముకోవచ్చు అన్నారు. మా వసారా రెండో కొసన కంప్యూటర్ పెట్టి, మిద్దె మీద గొడుగంత డిష్షు బిగించి, కరెంటు పోతే నడవడానికి బ్యాటరీలు పెట్టారు. జీతం లేదు. కంపెనీ కొన్న ప్రతి టిక్కీ మీద నాకు కొంత కమీషన్. టిక్కీ అంటే మా వైపు మిరపకాయల బస్తా.

మా ఇల్లు ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, స్లాబు ఇల్లు, ఫోన్ ఉంది, చదువుకున్న అమ్మాయి ఉంది అన్నారు. "పైగా మాస్టారు గారి దగ్గరికి అందరూ వస్తారు కదండీ" అన్నాడు వాళ్ల ఫీల్డ్ ఆఫీసరు. నున్నగా గీసిన గడ్డం, జేబులో రెండు పెన్నులు, ఎప్పుడూ నవ్వే మనిషి. ఆ చివరి మాటను నేను పట్టించుకోలేదు. అసలు సంగతి అదేనని అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఆ కంప్యూటర్ రైతులకి ఎందుకు నచ్చిందో చెప్పాలి. గుంటూరు యార్డులో అప్పట్లో బేరం తువ్వాలు కింద జరిగేది. కొనేవాడూ, కమీషన్ కొట్టు మనిషీ చేతులు కలుపుకుని, పైన తువ్వాలు కప్పుకుని, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవాళ్లు. కాయ పండించినవాడు పక్కన నిలబడి తువ్వాలు కదలడం చూడాలి. అటువంటి మనుషులకు కంప్యూటర్ అద్దం మీద అంకెలు కనబడ్డాయి. గుంటూరు ఇంత, ఖమ్మం ఇంత, వరంగల్ ఇంత, కంపెనీ ధర ఇంత. తలపాగాలు చుట్టుకున్న పెద్దవాళ్లు వసారాలో గొంతుక్కూర్చుని ఆ అంకెలు చదివించుకుని, "దాచేదేం లేదు, బావుంది" అనుకుంటూ వెళ్లేవాళ్లు. నాకు గర్వంతో ఒళ్లు తేలిపోయేది. తువ్వాలు లాగి పారేసింది నేనే అన్నట్టు తిరిగాను.

మొదటి రెండు సీజన్లూ కంపెనీ నిజంగానే నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నది. తూకంలో మోసం లేదు, రంగు పోయిన తాలు కాయల పేరు చెప్పి కోత లేదు. ఊళ్లో కల్లాల దగ్గరికి వచ్చి కొనే చిన్న వ్యాపారి ఒకాయన ఉండేవాడు. ఆయనా అంతో ఇంతో కోసేవాడే. కానీ ఆయనకో పాత లారీ ఉండేది, ఆ లారీలో పదిమంది రైతుల కాయ కలిపి యార్డుకు తీసుకెళ్లేవాడు. రెండో సీజన్ చివరికి ఆయనకి కాయ ఇచ్చేవాళ్లు లేక లారీ అమ్మేసి ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో కూడా అటువంటివాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. దగ్గర్లో ఉన్న కోల్డ్ స్టోరేజీని కంపెనీ మొత్తంగా అద్దెకు తీసుకుంది. కంపెనీకి అమ్ముతామన్నవాళ్లకే అందులో చోటు. ఒకసారి పేరు నమోదు చేయించుకున్న రైతు బయట అమ్మితే, ఆ తర్వాత అతని సరుకు వంతు వెనక్కి పోతుంది. మూడో సీజన్‌లో తెర కూడా మారింది. కంపెనీ ధర పైన పెద్ద అక్షరాల్లో, మిగతా మార్కెట్లవి కింద, అవి కూడా నిన్నటివో మొన్నటివో.

ఇవన్నీ నా కళ్లముందే జరిగాయి. నేను ఏమనుకున్నానంటే, పద్ధతిగా ఉంది అనుకున్నాను. చదువుకున్న మొద్దుని.

ఇక రిమార్కుల గడి. రైతు కాయ అమ్మదలుచుకుంటే నేను శాంపిల్ కవరులో పోసి, అతని నంబరు రాసి, కంపెనీ వ్యానులో గుంటూరు పంపాలి. కంప్యూటర్లో ఒక పత్రం నింపాలి. ఎన్ని టిక్కీలు, ఏ రకం విత్తనం, ఎప్పుడు ఏరింది, ఇంకెవరైనా ధర చెప్పారా, చెబితే ఎంత. చివర్లో రిమార్కులు అని ఒక గడి. మర్నాడు గుంటూరు ఆఫీసు నుంచి ఆ సరుకుకి ఇంత ఇస్తామని ధర వచ్చేది. ఎవరి సరుకు ధర వారిదే, నాణ్యతను బట్టి.

మొదట్లో ఆ గడి ఖాళీగా వదిలేసేదాన్ని. ఫీల్డ్ ఆఫీసరు వచ్చి, "రైతు పరిస్థితి నాలుగు ముక్కలు రాయండి మేడమ్ గారూ, అవసరాన్ని బట్టి సర్వీసు ఇస్తాం. అర్జెంటు ఉన్నవాళ్లకి ముందు వ్యాను పంపొచ్చు కదా" అన్నాడు. సబబే అనిపించింది. రాయడం మొదలుపెట్టాను. అరుగు మీద చెప్పుకునేది చెవిన పడుతూనే ఉండేది, చెవిన పడనిది అడిగేదాన్ని. కూతురికి ఇంజనీరింగ్ సీటు, పది రోజుల్లో ఫీజు కట్టాలి. కొడుకు ఉద్యోగంలో ఉన్నాడు, తొందరేమీ లేదు. ఇంట్లో ఎద్దు చచ్చిపోయింది. అన్నీ మంచి ఇంగ్లీషులో రాసేదాన్ని. మూడో ఏడు గుంటూరులో కేంద్రాల వాళ్లందరికీ మీటింగు పెట్టి, మా ఊరి రిమార్కులు అన్నిటికంటే బాగుంటున్నాయని నాకు గోడగడియారం ఇచ్చారు. ఇంటికి తెచ్చి కంప్యూటర్ పైనే తగిలించాను. "దేనికిచ్చారు?" అని నాన్న అడిగితే "పని బాగా చేసినందుకు" అన్నాను. పనేమిటో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ ఏడు మే నెలలో, యార్డుకు వేసవి సెలవులిచ్చిన వారంలో, మా వీధి చివర ఇంటి అత్త వచ్చింది. చుట్టరికం ఏమీ లేదు, పుట్టినప్పటినుంచీ అత్తా అని పిలుస్తున్నాను. ఆమె భర్తా, ఆయన అన్నా ఆరెకరాల చెక్కను మధ్యలో గట్టు వేసి పంచుకున్నారు. పంచుకున్నా పని కలిపే చేసుకునేవాళ్లు. ఒకే నారుమడి, ఒకే మందు, ఒకే కూలీలు, ఒకే కల్లంలో ఎండబెట్టి, చివర్లో సగం సగం కుప్పలు చేసుకునేవాళ్లు. రెండు ఇళ్ల శాంపిళ్లూ ఆ రోజు ఇంకా పంచని ఒకే కుప్ప నుంచి నేనే తీశాను.

అందరూ వెళ్లేదాకా అత్త స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నాన్న లోపల నిద్రపోతున్నాడు. ఎప్పటికి కావాలి అత్తా డబ్బు అని నేనే అడిగాను.

"ఈ వారంలోనే అమ్మాయ్," అంది. గొంతు బాగా తగ్గించి, "మూడు నెల్లనించీ ఆగకుండా పోతంది. గుంటూరు డాక్టరమ్మ గర్భసంచి తీసెయ్యాలంది, వచ్చే సోమవారం రమ్మంది. మా బావగారింట్లో తెలీదు. మీ మావకి కూడా సగమే చెప్పా. ఎవురికీ చెప్పబాక తల్లీ" అంది.

"చెప్పను అత్తా" అన్నాను. ఆమె వీధి మలుపు తిరక్కముందే మూడు ముక్కలూ టైప్ చేసి పంపేశాను. చెప్పడం వేరు, పత్రం నింపడం వేరు అని నా బుర్ర.

మర్నాడు రెండు ధరలు వచ్చాయి. ఆమె బావగారి సరుకుకి ఒకటి, అత్త వాళ్ల సరుకుకి క్వింటాలుకి ఆరు వందలు తక్కువ. ఒకే కుప్ప. నేనే తీసిన శాంపిల్. కవర్లు తారుమారయ్యాయేమోనని మళ్లీ పంపాను. మళ్లీ అదే తేడా. ఫీల్డ్ ఆఫీసరుకి ఫోన్ చేస్తే "క్వాలిటీ మేడమ్" అన్నాడు. కుప్ప ఒకటే అని చెబితే, "కుప్పలో అన్ని కాయలూ ఒకటి కావు కదా మేడమ్" అని నవ్వాడు.

అప్పటికీ నాకు అర్థం కాలేదు. రిమార్కుల గడిలో ఆమె బావగారి ఇంటి గురించి ఏం రాశానో చూశాను. తొందర లేదు, శ్రావణం దాకా దాచుకోగలడు. అత్త గురించి ఏం రాశానో చూశాను. అనుమానం తేల్చుకోవాలనుకున్నాను.

మాకు ఒక ఎకరం మిరప ఉండేది. ఆ కాయ ఒక టిక్కీ విప్పి, పెద్ద పళ్లెంలో పోసి, బాగా కలిపి, రెండు కవర్లు నింపాను. ఒకటి నాన్న నంబరు మీద, ఒకటి అమ్మ నంబరు మీద. నాన్న రిమార్కులో, జీతం ఉంది, అమ్మకపోయినా ఫరవాలేదు అని రాశాను. అమ్మ రిమార్కులో, ఇంట్లో జబ్బు, రెండు రోజుల్లో డబ్బు కావాలి అని రాశాను. మర్నాడు ధరలు వచ్చాయి. ఒకే పళ్లెంలో కాయకి అయిదు వందల తేడా. అమ్మ కాయ తక్కువ రకం అని తేల్చారు గుంటూరులో.

నేను లేచి గోడగడియారం తీసి నేలకేసి కొట్టాను. నాన్న పోస్టాఫీసు కొస నుంచి తల ఎత్తి చూశాడు. "ఏమైందే?" అన్నాడు. చెప్పాను. మొత్తం చెప్పాను, మూడేళ్లవీ. ఆయన చేతిలో ముద్ర అలాగే పట్టుకుని విన్నాడు. "మన అరుగు మీద అన్నవా?" అన్నాడు. అవునన్నాను. ముద్ర బల్ల మీద పెట్టి, పెరట్లోకి వెళ్లి, దొడ్డి గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫీల్డ్ ఆఫీసరు ఆ మధ్యాహ్నమే వచ్చాడు. రెండు కవర్ల సంగతి చెప్పి, ఇదేమిటని నిలదీశాను. ఇసుమంత కూడా బెదరలేదు.

"మేడమ్ గారూ, రైతుకి ఎంత అవసరమో తెలుసుకుని కొనడం వ్యాపారం. మీ ఊళ్లో ఇంతకు ముందు కొనేవాళ్లు చేసింది అదే కదా. మేం బలవంతం చేశామా? ఇష్టం లేకపోతే బయట అమ్ముకోమనండి."

"బయటెక్కడ? యార్డు మూసేశారు. లారీ లేదు. కోల్డ్ స్టోరేజీ మీదే. బయటెక్కడండీ?"

"అది మా తప్పా?" అన్నాడు.

మీ తప్పే. ఇన్నేళ్ల తర్వాత కూడా చెబుతున్నాను, మీ తప్పే. రెండేళ్లు ఎక్కువ ధర పెట్టి చుట్టూ ఉన్నవాళ్లందరినీ తుడిచిపెట్టింది మీరే. పాత వ్యాపారి అవసరం కనిపెట్టాలంటే రైతు ముఖం చూసి ఊహించాలి, రైతు కూడా ముఖం దాచుకోగలడు. మీకు ఊహించే పని లేదు. కొనేవాడూ మీరే, ధర చూపించేవాడూ మీరే, అవతలివాడు ఎంత చెప్పాడో నన్నడిగి తెలుసుకునేదీ మీరే. దానికి సమాచార కేంద్రం అని బోర్డు. ఆ బోర్డు ఆ రోజే పీకించాను. మేకులు ఊడదీస్తుంటే ఆయన పక్కన నిలబడి, ఒప్పందం ప్రకారం నెల నోటీసు ఇవ్వాలి మేడమ్ అంటూనే ఉన్నాడు.

పాత వ్యాపారి దగ్గరికి ఎరువుల కొట్టుకి పరిగెత్తాను. అత్త వాళ్ల కాయ కొంటావా అని అడిగాను. ఆయన నా వైపు ఎగాదిగా చూశాడు. "ఇప్పుడు గుర్తొచ్చానా అమ్మా? లారీ అమ్మిన రోజు మీ అరుగు ముందు నుంచే పోయింది, చూశావుగా. కొనాలన్నా యాడ పెట్టుకోను, ఎవురికి అమ్మను, నెల దాకా యార్డే తెరవరు" అన్నాడు. ఆయన కోపం ఆయనది. వచ్చేశాను.

అత్త వాళ్లు ఆ తక్కువ ధరకే అమ్మారు. సోమవారం ఆగదు కదా. ఆపరేషన్‌కి చాలని దానికి ఆమె గేదెని అమ్మి తోలేశారు. ఆ గేదె పాల డబ్బు ఒక్కటే ఆ ఇంట్లో ఆమె చేతి కింద ఉండేది. చీర కొనుక్కున్నా, మందు బిళ్ల కొనుక్కున్నా ఆ పాల డబ్బే. గేదె పోయింది.

సోమవారం నేనూ గుంటూరు వెళ్లాను. పొద్దున్నే కోర్టు దగ్గర ఒక వకీలు గారిని కలిశాను. నాన్నకి తెలిసినాయన, పెద్దమనిషి. ధరల కాగితాలూ, నేను పంపిన పత్రాల ప్రింట్లూ బల్ల మీద పరిచాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని అన్నీ చదివాడు.

"గుత్త వ్యాపారం మీద పాత చట్టం ఒకటుందమ్మా, దానికి రోజులైపోయాయి. పోటీ చట్టమని కొత్తది పార్లమెంటు పాస్ చేసింది. సరిగ్గా నువ్వు చెప్పేలాంటివే అందులో రాశారు. కానీ అమలు చెయ్యాల్సిన సెక్షన్లు ఇంకా మొదలు పెట్టలేదు. దాని కమిషన్ మీద సుప్రీంకోర్టులో గొడవ నడిచింది, అది పని చేసేసరికి ఇంకెన్నేళ్లో" అన్నాడు.

"చట్టం పాసయ్యాక అమలు కాకపోవడమేమిటండీ?"

"అంతే అమ్మా. వచ్చినా కష్టమే. పెద్ద కంపెనీ అవడం తప్పు కాదు, ఆ పెద్దరికాన్ని అడ్డం పెట్టుకుని దోచుకుంటేనే తప్పు. ముందు అసలు మార్కెట్ ఏదో తేల్చాలి. వాళ్ల లాయరు దేశం మొత్తం మిరప మార్కెట్ అంటాడు, అందులో వీళ్లెంత అంటాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. "దేశంతో నాకేం పనండీ? యార్డు మూసిన నెలలో, కాయ కల్లంలో పెట్టుకుని, సోమవారం ఆపరేషన్ ఉన్న మనిషికి మార్కెట్ అంటే ఆ ఒక్క కంపెనీయే. ఇంతకంటే ఏం తేల్చాలి?" అన్నాను. గొంతు పెరిగిందేమో, గుమాస్తా తొంగి చూశాడు.

వకీలు గారు కోప్పడలేదు. "నువ్వన్నది న్యాయమే. కానీ ఇంకొకటుంది," అంటూ ఒక ప్రింటు మీద వేలు పెట్టాడు. "ఈ వివరాలు వాళ్లకి ఎవరిచ్చారని అడుగుతారు. టైప్ చేసింది నువ్వు. కమీషన్ తీసుకుంది నువ్వు. మొదటి ముద్దాయివి నువ్వే అవుతావు తల్లీ."

కాగితాలు సంచిలో కుక్కుకుని బయటికి వచ్చాను. కోర్టు నుంచి కొత్తపేట నర్సింగ్ హోము దాకా ఎండలో నడిచాను. ఆటో ఎక్కితే ఎవరి మీదైనా అరిచేస్తానని భయం వేసింది. చట్టం చేసి బీరువాలో పెట్టినవాళ్ల మీద కోపం, ఆ ఆఫీసరు మీద కోపం, ఆ వకీలు నిజం చెప్పినందుకు ఆయన మీద కూడా కోపం.

ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. రక్తం ఎక్కిస్తున్నారు. అత్త మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మామ మందులకి కిందికి వెళ్లాడు. పక్క మంచాల వాళ్లు నిద్రలో ఉన్నారు. నేను స్టూలు లాక్కుని కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాను. నువ్వు చెప్పబాక అన్నది నేను కంపెనీకి రాశాను, దాన్ని చూసే నీ కాయకి ధర తగ్గించారు, నీ గేదె పోయింది నా వల్ల అన్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. గాజు సీసాలోంచి పడే చుక్కల వైపు చూపు తిప్పుకుంది.

"మీ నాన్న అరుగు గదా అని చెప్పా అమ్మాయ్," అంది. "ఆ కంపెనీ ఆయన నా ఎదురుగా కూర్చుని రోజంతా అడిగినా చెప్తానా?"

నా ఒళ్లో ఉన్న సంచి మీద ఆమె చూపు పడింది.

"కాయితం ఉందా నీ దగ్గర?"

ఉందన్నాను.

"చదువు. తెలుగులో చదువు. నా గురించి ఏం రాశావో నేను వినాలి."

సంచిలోంచి ప్రింటు తీశాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కొక్క వాక్యమే తెలుగు చేసి చదివాను. మూడు నెలల నుంచి రక్తస్రావం. వచ్చే సోమవారం గుంటూరులో గర్భసంచి ఆపరేషన్. బావగారి కుటుంబానికి తెలియదు, గుట్టుగా ఉంచాలి. ఏ ధరకైనా అమ్ముతుంది.

అత్త నా వైపు తిరిగింది. సూది ఉన్న చెయ్యి కదలకుండా, మెడ ఒక్కటే తిప్పి చూసింది.

"కడాకరి మాట నేను అనలేదే," అంది.

అనలేదు. మూడు ముక్కలే ఆమె చెప్పింది. నాలుగోది నేను చేర్చాను. రిమార్కు నిండుగా ఉంటుందని, గుంటూరులో మళ్లీ మెచ్చుకుంటారని, ఆమె నోటి నుంచి రాని ధర నేనే ఒప్పుకుని పంపాను.